పదకొండో నంబరు గడప

ఆషాఢం, ఆఖరి శనివారం

దినచర్య పుస్తకంలో సొంత అభిప్రాయాలు రాయరాదని మొదటి పేజీలోనే అచ్చు వేశారు. అది ఎవరి సొంత అభిప్రాయమో మాత్రం వేయలేదు. నా పేరు భాగీరథి. ఈ లంకలో మూడో వరుస పద్నాలుగు ఇళ్ళకీ గోడల సంరక్షణ నాది. తొమ్మిదేళ్ళుగా పొద్దున్నే లేచి గోడల ఆరోగ్యం కనుక్కుంటున్నాను. నా ఆరోగ్యం కనుక్కున్న గోడ ఒక్కటీ లేదు, మనుషుల సంగతి సరేసరి.

పాత లంకలన్నీ సముద్రంలో కలిసిపోయాక ఈ లంకని పెంచారు. కట్టలేదు, పెంచారు. తొట్టెల్లో పోసిన కణాలే పెరిగి గోడలయ్యాయి, గుమ్మాలయ్యాయి, తలుపులూ గడపలూ అయ్యాయి. అందుకే వీటిని పచ్చిగోడలంటాం. తాకితే గోరువెచ్చగా ఉంటాయి. మేకు కొడితే జిగురు కార్చి, రెండ్రోజుల్లో ఆ మేకుని బయటికి నెట్టేస్తాయి. మా ఇళ్ళలో దేవుడి పటాలు దారాలకి వేలాడుతూ ఉండేది అందుకే.

నెలా రెణ్ణెల్లుగా శనివారం శనివారం ఎవరో ఒకరి తలుపు మొరాయిస్తోంది. ఇవాళ నాలుగో నంబరు అచ్చియ్యమ్మగారి గడప కుంగింది. ఆరుదీ, తొమ్మిదిదీ అంతే. పదకొండో నంబరుది అందరికంటే ఘోరం, వేలు పెడితే జున్నులో దిగినట్టు దిగిపోయింది. పదకొండులో ఉండేది మా అత్తగారు మంగాయమ్మ. ఆవిడ ఫిర్యాదు చేయలేదు. గడప మెత్తబడితే మోకాళ్ళకి సుఖంగానే ఉందన్నారు.

గడపని గోరంత గీకి పళ్ళెంలో వేసి లెక్కపెట్టాను. మామూలుగా నలభై నీలం చుక్కలు తేలాలి. పదిహేను తేలాయి.

మంగళవారం

నీలం చుక్కలంటే ఏమిటని మా చీఫ్ ఇంజినీరు దంగేటి వీరరాఘవులుగారు అడిగారు. ఆయన చీఫ్ అయి ఎనిమిది నెలలే అయింది కాబట్టి తొందరగానే అడిగారని ఒప్పుకోవాలి.

కణం లోపల సన్నటి తాళ్ళుంటాయండీ, అవి బిగిసి ఉంటేనే గోడ నిలబడుతుంది, అని మొదలుపెట్టాను. ఆ తాళ్ళని పట్టుకుని ఉండే ప్రొటీన్ల మీద ఫాస్ఫేట్ అనే చిన్న ముద్ర పడితే బిగించమని ఆజ్ఞ. ముద్ర చెరిగితే వదిలెయ్యమని. వేసేవి కైనేజులు, చెరిపేవి ఫాస్ఫటేజులు. ఇవి వేస్తూ ఉంటాయి, అవి చెరుపుతూ ఉంటాయి, రెండూ సరితూగినంతకాలం ఇల్లు ఇల్లులా ఉంటుంది. మా పళ్ళెంలో ఒక్కో ముద్రకీ ఒక్కో నీలం చుక్క తేలుతుంది. అచ్చం మన ఆఫీసే, కాకపోతే అక్కడ ఎవరో ఒకరు పనిచేస్తున్నారు. ఈ ఆఖరి మాట పైకి అనలేదు.

చీఫ్ గారు చాలాసేపు ఆలోచించి, జనం గడప తొక్కుతున్నారని తేల్చారు. గడప తొక్కితే అరిష్టమని వాళ్ళ నాయనమ్మ చెప్పేదట. వెంటనే గడప తొక్కరాదని ఉత్తర్వు వేశారు. నేను వెళ్ళి లెక్కపెడితే అన్ని గడపలూ నలభైకి వచ్చేసి ఉన్నాయి. ఉత్తర్వు అంటించి అప్పటికి గంటయింది. గడపలు చదువుకున్నవని ఆయన సంబరపడ్డారు.

శ్రావణం, మొదటి శుక్రవారం

పొద్దున అత్తగారింటికి వెళ్ళాను. మా ఆయన అబ్బులు పిట్టరెట్టల పడవ మీద పనిచేస్తాడు. దూరపు రాతిదిబ్బల మీద సముద్రపు పిట్టలు వేసిన రెట్టలు మూటలు కట్టి తెస్తారు. గోడలకి కావలసిన ఫాస్ఫేట్ అంతా అందులోంచే వస్తుంది. ఈ లంక నిలబడింది పిట్టల దయ మీద. లంకని నడిపే సంఘం పెద్దలు తమ దయ మీదనుకుంటారు, పిట్టలు ఏమీ అనుకోవు. ఆయన లేని ఆరు నెలలూ వారానికి రెండుసార్లు అత్తగారిని చూసిరావడం నా వంతు.

ఆవిడ గుమ్మంలో గొంతుక్కూర్చుని గడపకి పసుపు రాస్తున్నారు. నా చేతిలో కాఫీ గ్లాసు అలాగే ఆగిపోయింది. శుక్రవారం పసుపు. శనివారం కుంగుడు. మంగళవారానికి మామూలు. చంకలో బిడ్డని పెట్టుకుని ఊరంతా వెతికినట్టు, రెండు నెలలుగా పుస్తకాలన్నీ తిరగేశాను.

మరి ఇన్నేళ్ళూ ఎందుకు కుంగలేదని ఆవిడనే అడిగాను. ఇంతకుముందు ఒడ్డునుంచి వచ్చే పసుపులో పసుపు తక్కువ, పిండి ఎక్కువట. మా లంకలోనే పండిన అసలు పసుపు ఈ ఉగాదికే వచ్చింది. అంటే ఇన్నాళ్ళూ మమ్మల్ని కాపాడింది కల్తీ అన్నమాట. కల్తీ చేసినవాళ్ళకి ఒక సన్మానం బాకీ ఉన్నాం.

ఆఫీసులో గోడముక్కలు రెండు పళ్ళేల్లో వేసి, ఒకదాంట్లో చిటికెడు పసుపు కలిపి వచ్చాను.

ఆదివారం

వట్టి పళ్ళెంలో నలభై ఒకటి. పసుపు పళ్ళెంలో తొమ్మిది. పసుపులోని సారం ముద్ర వేసేవాటి చేతులు పట్టుకుంటోంది. చెరిపేవాటి చేతులు ఎవరూ పట్టుకోలేదు కనక అవి హాయిగా చెరుపుతున్నాయి.

కుంగడంతో ఆగితే నవ్వుకుని ఊరుకునేదాన్ని. పసుపు పళ్ళెంలో సగం కణాలు చచ్చిపోయాయి. ప్రతి కణం లోపలా దాని చావు ఉత్తర్వు ముందే రాసి ఉంటుంది. దాన్ని అమలు చేసే ప్రొటీను మీద ముద్ర ఉన్నంతకాలం అది నోరెత్తదు. ముద్ర పోయిందా, కణం తన సామాను తనే సర్దుకుని, పక్కవాళ్ళకి ఇబ్బంది లేకుండా వెళ్ళిపోతుంది. అంత మర్యాదగా కుర్చీ దిగేవాళ్ళని నేను ఇంకెక్కడా చూడలేదు.

వచ్చే శుక్రవారం వరలక్ష్మీ వ్రతం. ఆ రోజు గడపకి పసుపు రాయరు, మెత్తుతారు. గడపతో పాటు గుమ్మం చస్తే పైకప్పు మనుషుల నెత్తి మీద పడుతుంది. నాకు భయమేసింది.

సోమవారం

గడపలకి పసుపు రాయరాదు అని ఉత్తర్వు తయారుచేశాను. కనిపెట్టింది నువ్వే కాబట్టి సంతకం నువ్వే పెట్టమని చీఫ్ గారు పెద్దమనసు చేసుకున్నారు. ఆడవాళ్ళు తిరగబడితే ఆయన సంతకం ఎక్కడా ఉండకూడదని ఆ మనసు ఉద్దేశం. పసుపు బదులు పూసుకోడానికి ఇంటికో డబ్బా పసుపుపచ్చ రంగు కూడా పంచాం. ఇళ్ళలో ఉన్న పసుపు పోగుచేయించి సముద్రంలో కలిపించాం.

మూడో వరుస ఆడవాళ్ళందరినీ కూర్చోబెట్టి చదివి వినిపించాను. పదమూడు మంది తలలూపి, ఆయ్, అలాగేనండి, అన్నారు. అచ్చియ్యమ్మగారు నా అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయని కూడా అన్నారు. పేచీ పెట్టింది ఒక్క మా అత్తగారే. పసుపులేని గడప బొట్టులేని మొహం అన్నారు. రంగు పూసి లక్ష్మీదేవిని పిలిస్తే ఆవిడ కూడా రంగు పూసిన రూపాయి ఇచ్చి పోతుందన్నారు. ఆ కాగితం చింపి పొయ్యిలో పెడతానన్నారు. కోడలి పరువు తీయడానికి అత్తగారికి అంతమంది సాక్షులు మళ్ళీ దొరకరు కాబట్టి గంటసేపు సద్వినియోగం చేసుకున్నారు. అందరూ వెళ్ళాక కాగితం చేతిలోకి తీసుకుని, కింద ఉన్న నా సంతకాన్ని కాసేపు చూసి, మడిచి దేవుడి పటం వెనక పెట్టుకున్నారు.

ఉత్తర్వు మీరేది ఎవరైనా ఉంటే అది పదకొండో నంబరే అని ఇందుమూలంగా నమోదు చేస్తున్నాను.

రెండో శనివారం

వ్రతం బాగా జరిగింది. నిన్న బయటినుంచి చూసుకుంటూ వెళ్ళాను, పద్నాలుగు గడపలూ రంగుతో ధగధగలాడాయి. ఇవాళ లెక్క: ముప్ఫై ఎనిమిది, నలభై, ముప్ఫై తొమ్మిది, నలభై ఒకటి. ఒక్క గడపా కుంగలేదు. ఈ లంకలో ఒక ఉత్తర్వుని జనం పాటించడం ఇదే మొదటిసారి. ఎందుకు పాటించారా అని నేను అప్పుడే ఆలోచించాల్సింది. సాయంత్రం చీఫ్ గారు శాలువా కప్పారు. ఆ హడావిడిలో ఆలోచన వాయిదా పడింది.

పదకొండో నంబరు లెక్క మాత్రం యాభై ఎనిమిది.

పూర్ణిమ వెళ్ళిన బుధవారం

పదకొండు: డెబ్భై ఆరు. తక్కినవన్నీ నలభై దగ్గరే ఉన్నాయి.

అందరి గడపలకీ ఒకటే ఉత్తర్వు, ఒకటే రంగు. ఒక్క గడప మాత్రం ఎగబాకుతోందంటే ఆ ఇంట్లో ఎవరో ఏదో చేస్తున్నారు. ఇంట్లో ఉన్నది ఒక్కరే. వెళ్ళి చూస్తే వంటింట్లో పిట్టరెట్టల మూట కనపడింది, అబ్బులు పోయినసారి వచ్చినప్పుడు దింపిన మూట. నాకు పట్టరాని కోపం వచ్చింది. నా ఉత్తర్వు తప్పని నిరూపించడానికి గడపకి ఫాస్ఫేట్ పోస్తున్నారన్నమాట. ఏం పోస్తున్నారని నిలదీశాను.

"నేనేం పొయ్యలేదే అమ్మాయ్. పసుపు రాయలేదు కూడాను," అన్నారు.

దొంగని అడిగితే దొంగతనం చేశానంటాడా. మూట స్వాధీనం చేసుకున్నాను. ఆవిడే మూట మూతి కట్టి నా చేతికి ఇచ్చారు. నేను వచ్చేస్తుంటే తలుపు బిగుసుకుంటోందని ఏదో అన్నారు. వానాకాలం అన్ని తలుపులూ అలాగే ఉంటాయన్నాను. పచ్చిగోడలకి వానాకాలం లేదని తొమ్మిదేళ్ళ అనుభవంతో నాకు తెలుసు, కోపం మీద గుర్తు రాలేదు.

నాలుగో శుక్రవారం

ఈ రోజు జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

పదకొండు గంటలకి అచ్చియ్యమ్మగారు పరుగెత్తుకొచ్చారు. మంగాయమ్మగారు పూజయ్యాక తలుపేసుకుని నడుం వాల్చారట, లేచి చూస్తే తలుపు రావడం లేదట. నేను వెళ్ళేసరికి అక్కడ తలుపే లేదు. తలుపూ గుమ్మమూ గడపా కలిసి ఒకటే కండ అయిపోయాయి. గడప మూర ఎత్తు లేచింది. గీకి పళ్ళెంలో వేస్తే చుక్కలు లెక్కపెట్టడానికి వీల్లేదు, పళ్ళెమంతా నీలం.

చీఫ్ గారు రంపం తెప్పించారు. పచ్చిగోడని కోయకూడదని చెబుతూనే ఉన్నాను. గాయమైతే చుట్టుపక్కల కణాలన్నిటికీ ముద్రలు పడతాయి, మానమని, పెరగమని. రెండు జానల మేర కోశారు. మా కళ్ళముందే జిగురు కారి, ఆ కోత ముందుకంటే లావుగా పూడుకుంది. చీఫ్ గారు రంపం మొద్దుబారిందని ఇంకోటి తెమ్మన్నారు.

నేను పడవ వేసుకుని ఇంటి వెనక సముద్రం వైపు వెళ్ళాను. అటు కిటికీ ఒకటుంది, ఉండేది. ఇప్పుడది జానెడు చీలిక. అందులోంచి అత్తగారి మొహంలో సగమే కనపడింది. చెమటలు కారుతున్నాయి.

"గాలాడ్డం లేదే అమ్మాయ్," అన్నారు.

ఆ చీలిక కూడా పూడితే లోపలి గాలి పొద్దు గూకేదాకా రాదు. ఫాస్ఫేట్ మూట నా దగ్గరే ఉంది, పది రోజులుగా ఆవిడ ఏమీ పోయలేదు, అయినా గడప ఇలా లేచింది. అంటే పోయడం వల్ల కాదు. అప్పుడు వెలిగింది. ఉగాది నుంచి వారం వారం పసుపు చేతులు పట్టుకుంటుంటే, గోడ ఊరుకోలేదు. ఉన్న కైనేజులు చాలక కొత్తవి పుట్టించుకుంది. నాలుగు నెలలు అలా జనాన్ని చేర్చుకున్నాక, పసుపు ఒక్కసారిగా మానేస్తే, అంతమందీ చేతులు ఖాళీ అయి ముద్రల మీద పడ్డారు. చావాల్సిన కణాలు చావడం మానేశాయి. పెరగడం ఆపాల్సినవి ఆపలేదు.

మరి తక్కిన పదమూడు గడపలకీ ఏమీ కాలేదేం?

పడవ తిప్పి ముందు వైపు వచ్చి, అచ్చియ్యమ్మగారి గుమ్మంలోంచి లోపలికి వంగి చూశాను. గడప బయట రంగు. లోపలి వైపు అడుగు నుంచి పైదాకా పసుపు.

"ఆయ్, కొంచెమేనండి," అన్నారావిడ, కొంగు నలుపుకుంటూ. "మీరు బయట్నించే చూసెళ్ళిపోతారు కదండి."

పదమూడు ఇళ్ళలోనూ అంతే. నా అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయన్న ప్రతి ఇల్లాలూ ఇంటికి పోయి లోపలి వైపు పసుపు రాసుకుంది. ఆ సగం పసుపు, పెరిగిన కైనేజులకి సరిగ్గా సరిపోయి లెక్క నలభై దగ్గర నిలిచింది. ఉత్తర్వు పాటించిన ఇల్లు ఈ వరుసలో ఒక్కటే.

సిగ్గుపడే తీరిక లేదు. ఉన్న పసుపంతా తెమ్మన్నాను. సముద్రంలో కలిపించిన పసుపు ఎన్ని డబ్బాల్లోంచి బయటికొచ్చిందో చూడాలి. బియ్యం డబ్బాల అడుగు నుంచి, దిండు గలీబుల్లోంచి, ఒకావిడ ఏకంగా నేను పంచిన రంగు డబ్బాలోంచి తీసింది. కూరలోకి దాచుకున్నామండి అని ప్రతివాళ్ళూ ముందుగానే చెప్పారు. ఆ లెక్కన ఈ వరుసలో మూడేళ్ళకి సరిపడా కూర వండబోతున్నారు. చీఫ్ గారు ఉత్తర్వు మీరినవాళ్ళ పేర్లు రాసుకోమన్నారు. పసుపు కళ్ళలో పడి ఎవరూ కనపడటం లేదని చెప్పాను.

పదమూడు మందీ చీరలు దోపుకుని పదకొండో గడప మీద పసుపు మెత్తడం మొదలుపెట్టారు. బయటినుంచి ఒక్కటే చాలదు. పెద్ద ముద్ద చేసుకుని మళ్ళీ కిటికీ దగ్గరికి వెళ్ళాను. చీలిక అప్పటికి నాలుగు వేళ్ళయింది. ముద్దని చిన్న ఉండలు చేసి ఒక్కొక్కటే లోపలికి తోశాను. గడపకి, గుమ్మానికి, కిటికీకి, చేయి అందినంత మేర మొత్తం రాసేయండి అత్తయ్యా, అన్నాను.

లోపల్నుంచి ఆవిడ గొంతు వినిపించింది.

"రాయొచ్చా మరి? కాయితం ఉంది కదా."

నాకు ఏడుపు వచ్చింది. దినచర్య పుస్తకంలో ఇలాంటివి రాయరాదు, రాస్తున్నాను. రాయొచ్చని చెప్పాను. కాగితం తప్పని చెప్పాను. రాసింది నేనేనని, తప్పు నాదేనని ఆ చీలికకి నోరు పెట్టి అరిచి చెప్పాను.

మధ్యాహ్నమంతా రాస్తూనే ఉన్నారు. మూడు గంటలకి కిటికీ పూడటం ఆగింది. నాలుగింటికి గడప మీద వేలు పెడితే దిగింది. పొద్దు వాలేముందు గుమ్మం కణాలు ఒక్కొక్కటే తమ సామాను సర్దుకోవడం మొదలుపెట్టాయి. తలుపు పెచ్చులు పెచ్చులుగా ఊడి కింద పడింది. ఆ కన్నంలోంచి మోచేతుల దాకా పసుపుతో మా అత్తగారు బయటికొచ్చి, అచ్చియ్యమ్మగారు ఇచ్చిన నీళ్ళు చెంబుడూ తాగి, అరుగు మీద కూర్చున్నారు. నేను పక్కన కూర్చున్నాను.

"అందరూ రాత్తానే ఉన్నారంట కదే," అన్నారు.

అవునన్నాను.

"నువ్వు సంతకం ఎట్టావు. చదువుకున్నదానివి, తెలీకుండా ఎడతావా అని మానేశాను."

కోపంగా అనలేదు. అలా అని ఉంటే బాగుండేది.

భాద్రపదం, మొదటి శుక్రవారం

పదకొండో నంబరుకి ప్రస్తుతం తలుపు లేదు, గోనెపట్టా వేలాడదీశాం. కొత్త గడప మెల్లగా పెరుగుతోంది. పిట్టరెట్టల మూట తిరిగి ఇచ్చేశాను. శాలువా కూడా వాపసు చేయబోతే, దానికి ఫారం లేదన్నారు.

చీఫ్ గారు కొత్త ఉత్తర్వు రాయించారు. ప్రతి గడపకీ ప్రతి శుక్రవారం రెండు వేళ్ళ మందాన పసుపు రాయడం తప్పనిసరి. రాయనివారి మీద చర్య తీసుకుంటారు. రెండు వేళ్ళని ఎలా తేల్చారని అడిగితే, ఆయన వేళ్ళు చూపించారు. కింద సంతకం నన్నే పెట్టమన్నారు. నాలుగు శుక్రవారాలు లెక్కపెట్టనివ్వండి, ఎంత రాస్తే నలభై దగ్గర నిలుస్తుందో చూసి అప్పుడు పెడతానన్నాను. నా మొండితనాన్ని నా ఫైల్లో రాసుకుంటానన్నారు. రాసుకోమన్నాను.

పొద్దున పళ్ళెం తీసుకుని అత్తగారింటికి వెళ్ళాను. ఎంత రాయమంటావని అడిగారు. నాకు తెలీదు అత్తయ్యా, మీరు రాయండి, నేను రేపొచ్చి లెక్కపెడతాను, అన్నాను. నా సంచిలోంచి తొంగిచూస్తున్న కొత్త ఉత్తర్వుని లాగి, చదవకుండానే, కింద నా సంతకం ఉందా అని వెతికారు. ఇంకా పెట్టలేదని చెప్పాను.

"అయితే ఇంకా నమ్మక్కర్లేదన్నమాట," అని పసుపు గిన్నె అందుకున్నారు.